పిల్లలు కలగకపోతే అబ్బాయికీ పరీక్ష చేయించండి

వీర్యకణాల లోపాలకు జన్యువులు ఎలా కారణమవుతాయి?



మా ఓపీలో తరచుగా జరిగే సంభాషణ ఇది. అత్తగారు కోడలిని వెంటబెట్టుకుని వస్తారు. "పెళ్ళయి నాలుగేళ్ళయింది డాక్టరమ్మగారూ, ఇంకా కడుపు పండలేదు. మా కోడలికి ఏదైనా మంచి మందు రాయండి" అంటారు. "అబ్బాయి రాలేదా అమ్మా?" అని మేము అడిగితే, "వాడికేమండీ, నిక్షేపంగా ఉన్నాడు. పొలం పనులన్నీ వాడే చూసుకుంటాడు" అని జవాబు వస్తుంది. కోడలు తల దించుకుని కూర్చుంటుంది. ఆమె చేతి సంచిలో అప్పటికే రెండు మూడు ఆస్పత్రుల స్కానింగులు, రక్త పరీక్షలు, ట్యూబుల ఎక్స్‌రే కాగితాలు ఉంటాయి. భర్తకు సంబంధించిన కాగితం ఒక్కటి కూడా ఉండదు.

ఈ సంచికలో ఆ లేని కాగితం గురించి వ్రాయదలచాము. సంతానం కలగని జంటలలో సుమారు సగం మందిలో పురుషుని వైపు లోపం ఉంటుంది. కొందరిలో అదొక్కటే కారణం, కొందరిలో భార్యాభర్తలిద్దరిలోనూ కొంత కొంత లోపం ఉంటుంది. అయినా మన ఇళ్ళలో "గొడ్రాలు" అనే మాట ఆడవారికే అంటగడతారు. దానివల్ల పుట్టింటికి పంపబడిన వారినీ, భర్తకు రెండో పెళ్ళి చేస్తామన్న బెదిరింపులు విన్నవారినీ మేము చూశాము. భర్తకు ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే వారిలో కొందరికి ఆ కన్నీళ్ళు తప్పేవి.

మగతనం వేరు, వీర్యకణాలు వేరు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. దాంపత్య జీవితం సక్రమంగా ఉన్న పురుషునిలో కూడా వీర్యకణాలు బొత్తిగా లేకపోవచ్చు. వీర్యంలో ఎక్కువ భాగం ఇతర గ్రంథుల నుండి వచ్చే ద్రవమే. అందువల్ల కంటితో చూసి వీర్యం "చిక్కగా ఉంది", "పలచగా ఉంది" అని చెప్పడంలో అర్థం లేదు. కండబలానికీ, గడ్డం మీసాలకూ, వీర్యకణాల సంఖ్యకూ సంబంధం లేదు. మైక్రోస్కోపు క్రింద చూస్తేనే నిజం తెలుస్తుంది.

ఒక సంవత్సరం పాటు ఏ అడ్డూ లేకుండా కాపురం చేసినా గర్భం రాకపోతే ఇద్దరూ పరీక్షలకు రావాలి. భార్య వయస్సు 35 సంవత్సరాలు దాటితే ఆరు నెలలకే రావాలి.

వీర్య పరీక్ష నొప్పి లేనిది, ఖర్చు తక్కువ. పరీక్షకు ముందు కనీసం 2 రోజులు, మించితే 7 రోజులు దాంపత్యానికి దూరంగా ఉండాలి. ల్యాబులో ఇచ్చిన డబ్బాలోనే నమూనా ఇవ్వాలి. ఇంటి దగ్గర సేకరిస్తే గంటలోపు ల్యాబుకు చేర్చాలి. మామూలు కండోములలో సేకరించకూడదు, వాటిలోని మందు కణాలను చంపేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన గ్రంథం ప్రకారం ఒక మిల్లీలీటరు వీర్యంలో కనీసం 1 కోటి 60 లక్షల కణాలు ఉండాలి. వాటిలో నూటికి 42 కదులుతూ, 30 ముందుకు ఈదుతూ ఉండాలి. చక్కని ఆకారం గలవి నూటికి 4 ఉన్నా చాలు. రిపోర్టులో "96 శాతం అసాధారణం" అని చూసి కంగారు పడి వచ్చేవారు ఉన్నారు. అది చాలామంది తండ్రులలో కూడా ఉండే మాటే. ఈ అంకెల కంటే కాస్త తక్కువ ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. ఒక్క రిపోర్టు చూసి నిర్ణయానికి రాకూడదు, కొన్ని వారాల తరువాత మళ్ళీ పరీక్ష చేయించాలి.

వీర్యకణం ఎలా తయారవుతుంది?

వృషణాలలోని సన్నని గొట్టాలలో వీర్యకణాలు తయారవుతాయి. ఒక్కో కణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. కాబట్టి రెండు నెలల క్రితం వచ్చిన తీవ్ర జ్వరం ప్రభావం ఈనాటి రిపోర్టులో కనిపించవచ్చు.

మన శరీరంలోని ప్రతి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. వాటిలో సగం అమ్మ నుండి, సగం నాన్న నుండి వచ్చినవి. వీర్యకణంలో మాత్రం 23 ఉండాలి. అప్పుడే తల్లి అండంలోని 23తో కలిసి బిడ్డకు 46 అవుతాయి. ఈ క్రోమోజోములలో ఉండే డీఎన్ఏ దారాన్ని సాగదీస్తే దాదాపు ఒక మీటరు పొడవు ఉంటుంది. అంత దారమూ మిల్లీమీటరులో రెండు వందవ వంతు పొడవున్న వీర్యకణపు తలలో ఇమడాలి. జిన్నింగు మిల్లులో పత్తిని బేళ్ళుగా నొక్కినట్లు, ప్రోటమీన్లు అనే ప్రోటీన్లు ఆ దారాన్ని గట్టిగా నొక్కి కడతాయి. తల మీద ఒక టోపీ ఉంటుంది. అండం పొరను కరిగించే రసాయనాలు అందులో ఉంటాయి. మెడ దగ్గర శక్తినిచ్చే భాగం, వెనుక ఈదడానికి తోక ఉంటాయి.

ఇంత చిన్న కణాన్ని తయారు చేయడానికి వందలాది జన్యువులు పని చేయాలి. వాటిలో ఏది చెడినా ఎక్కడో ఒకచోట పని ఆగిపోతుంది. ముఖ్యమైన లోపాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ఒక ఎక్స్ క్రోమోజోము ఎక్కువ

పురుషునికి ఒక ఎక్స్, ఒక వై క్రోమోజోము ఉంటాయి. సుమారు 600 మంది మగపిల్లలలో ఒకరికి పుట్టుకతోనే రెండు ఎక్స్‌లు, ఒక వై ఉంటాయి. దీనిని అమెరికా వైద్యుడు క్లైన్‌ఫెల్టర్ 1942లో వర్ణించారు. కారణం అదనపు ఎక్స్ క్రోమోజోము అని 1959లో తేలింది. వీరిలో వృషణాలు చిన్నవిగా, గట్టిగా ఉంటాయి. చాలామంది చదువుకుని, ఉద్యోగం చేసుకుంటూ, పెళ్ళయ్యేవరకు ఈ సంగతి తెలియకుండానే జీవిస్తారు. ఇది సాధారణంగా వంశంలో వచ్చేది కాదు, కణాలు విడిపోయే సమయంలో జరిగిన పొరపాటు. వీరిలో కొందరికి మైక్రోస్కోపు సహాయంతో చేసే ఆపరేషన్ ద్వారా వృషణం నుండి కొద్దిపాటి వీర్యకణాలు తీయగలుగుతున్నారు. వీరికి పురుష హార్మోను తగ్గడం, ఎముకలు బలహీనపడటం, షుగరు రావడం ఎక్కువ కాబట్టి పిల్లల సంగతి ఎలా ఉన్నా వైద్యుని పర్యవేక్షణ అవసరం.

2. వై క్రోమోజోములో ముక్క లేకపోవడం

ఇటలీ శాస్త్రవేత్తలు టియెపోలో, జుఫార్డి 1976లో వీర్యకణాలు లేని ఆరుగురు పురుషులలో వై క్రోమోజోము చివరి భాగం లేదని గమనించారు. తరువాత 1996లో ఆ భాగంలో ఎ, బి, సి అనే మూడు ప్రాంతాలు ఉన్నాయని తేలింది. మన హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు వీర్యకణాలు లేని 340 మంది భారతీయ పురుషులను పరీక్షించి, వారిలో 29 మందికి వై క్రోమోజోములో ముక్కలు లేవని 2003లో ప్రకటించారు. అంటే దాదాపు పన్నెండు మందిలో ఒకరు.

ఏ ముక్క పోయిందన్నది చాలా ముఖ్యం. సి ప్రాంతం పోయినవారిలో కొందరికి వీర్యంలోనో, వృషణంలోనో కొన్ని కణాలు దొరుకుతాయి. ఎ లేదా బి ప్రాంతం పూర్తిగా పోతే ఆపరేషన్ చేసినా కణాలు దొరికే ఆశ దాదాపు లేదు. ఈ సంగతి రక్త పరీక్షలో ముందే తెలిస్తే వృథా ఆపరేషన్, వృథా అప్పు రెండూ తప్పుతాయి. సి ప్రాంతం లేని తండ్రికి వైద్య సహాయంతో కొడుకు పుడితే అతనికీ అదే లోపం వస్తుంది. కూతురికి తండ్రి వై క్రోమోజోము రాదు కాబట్టి ఈ లోపం ఆమెకు రాదు.

3. క్రోమోజోములు చోటు మారడం

కొందరిలో రెండు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుని గాని, ముక్కలు మార్చుకుని గాని ఉంటాయి. సరుకంతా ఉంది, అరలు మాత్రం మారాయి. అందుకే ఆ మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. కాని వీర్యకణంలోకి 23 పంచే సమయంలో లెక్క తప్పుతుంది. కణాల సంఖ్య తగ్గవచ్చు. భార్యకు గర్భం నిలిచినా మాటిమాటికీ పోవచ్చు. అబార్షన్ అయినప్పుడల్లా "బరువు ఎత్తావు, జాగ్రత్తగా లేవు" అని కోడలిని అనడం వింటుంటాము. కారణం కొడుకు క్రోమోజోములలో ఉండవచ్చు. అందుకే రెండు మూడుసార్లు గర్భం పోయిన జంటలో ఇద్దరికీ క్రోమోజోముల పరీక్ష చేస్తారు.

4. కణాలున్నా దారి లేకపోవడం

వృషణం నుండి వీర్యకణాలను తెచ్చే నాళాలు కొందరిలో పుట్టుకతోనే ఏర్పడవు. వృషణం చక్కగా పని చేస్తున్నా కణాలు బయటకు రాలేవు. వీర్యం పరిమాణం కూడా చాలా తక్కువగా ఉంటుంది. వీరిలో ఎక్కువమందికి సి.ఎఫ్.టి.ఆర్. అనే జన్యువులో లోపం ఉంటుంది. ఈ జన్యువే తీవ్రంగా చెడితే పిల్లలకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అనుభవం గల వైద్యుడు చేతి వేళ్ళతో తడిమి నాళాలు లేవని చెప్పగలడు. ఇలాంటి కొందరికి ఒక మూత్రపిండం కూడా ఉండదు కాబట్టి కడుపు స్కానింగు చేయాలి.

వృషణం నుండి కణాలు తీసి బిడ్డను పొందే అవకాశం వీరికి బాగా ఉంది. అయితే అంతకుముందు భార్యకు కూడా ఈ జన్యు పరీక్ష తప్పనిసరి. ఆమెలో కూడా ఆ లోపం దాగి ఉంటే బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ.

5. ఆకారం, కదలిక చెడటం

కొందరిలో సంఖ్య ఉంటుంది, కాని కణాలన్నీ ఒకే తీరుగా చెడి ఉంటాయి. నూటికి నూరూ టోపీ లేని గుండ్రని తలలతో ఉంటే అవి అండం లోపలికి వెళ్ళలేవు. దీనికి ముఖ్య కారణం డి.పి.వై.19ఎల్2 అనే జన్యువు లేకపోవడమని 2011లో కనుగొన్నారు. తోకలన్నీ పొట్టిగా, మెలికలు తిరిగి ఉండటానికి డి.ఎన్.ఎ.హెచ్.1 వంటి జన్యువులు కారణమని 2014లో తెలిసింది. తలలన్నీ పెద్దవిగా ఉండి, ఒక్కో దానిలో కొన్ని రెట్లు ఎక్కువ క్రోమోజోములు ఉంటే అది ఎ.యు.ఆర్.కె.సి. జన్యువు లోపం కావచ్చు. అలాంటి కణాలతో కృత్రిమ గర్భధారణకు ప్రయత్నించకూడదు. ఈ పేర్లు మీరు గుర్తుంచుకోనక్కరలేదు. రిపోర్టులో కనబడితే దాని అర్థమేమిటని వైద్యుని అడగండి.

మరొక సంగతి. వీర్యకణపు తోక, మన ఊపిరితిత్తుల గొట్టాలలో కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు ఒకే రకమైన పనితనంతో తయారైనవి. చిన్నప్పటి నుండి దగ్గు, కఫం, సైనస్ విడవకుండా ఉండి, కణాలు బ్రతికే ఉన్నా కదలకపోతే ఈ రెండింటికీ ఒకే జన్యు లోపం కారణం కావచ్చు. ఇలాంటి వారిలో దాదాపు సగం మందికి గుండె కుడి వైపున ఉంటుంది. కాబట్టి సంతానం కోసం వచ్చినప్పుడు దగ్గు గురించి కూడా చెప్పండి.

ఇంకొందరిలో రిపోర్టు అంతా బాగానే ఉంటుంది. కాని కణానికి చివరి పరుగుకు కావలసిన కాల్షియం ద్వారం తెరుచుకోదు. లేదా కణం అండంలోకి చేరినా, అండాన్ని మేల్కొలిపే ప్రోటీను దానిలో ఉండదు. ఈ ద్వారాన్ని 2001లో, ఆ ప్రోటీనును 2002లో గుర్తించారు.

మేనరికానికీ దీనికీ సంబంధం ఉందా?

గుండ్రని తలలు, మెలికల తోకల వంటి లోపాలలో చాలా వరకు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు చెడిన ప్రతులు వస్తేనే బయటపడతాయి. మేనమామకూ మేనకోడలికీ మధ్య జన్యువులలో నాలుగో వంతు, మేనత్త, మేనమామ పిల్లల మధ్య ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. అందుకే మేనరికంలో ఒకే చెడిన ప్రతి రెండు వైపుల నుండి వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. అబ్బాయి వీర్యకణాల లోపానికి సంబంధించినంత వరకు చూడవలసింది అతని తల్లిదండ్రులది మేనరికమా అన్నది. అతడు ఎవరిని పెళ్ళి చేసుకున్నాడన్నది అతనికి పుట్టబోయే బిడ్డ విషయంలో ముఖ్యం. డాక్టరుగారు ఈ రెండు ప్రశ్నలూ అడిగితే దాచకుండా చెప్పండి. అలాగే అన్నదమ్ములలో, మేనమామలలో పిల్లలు లేనివారు ఉన్నారేమో కూడా చెప్పండి.

అన్నీ జన్యువుల వల్లనేనా?

కాదు. వృషణాల చుట్టూ రక్తనాళాలు ఉబ్బడం, యుక్తవయస్సులో గవదబిళ్ళలు వచ్చి వృషణాలు వాయడం, ఇన్ఫెక్షన్లు, షుగరు, పొగ త్రాగడం, అధిక వేడి కూడా కారణాలే. వీటిలో కొన్ని నిర్మించబడిన డీఎన్ఏ దారాన్నే మధ్యలో తెంపుతాయి. ఇవి చికిత్సతో, అలవాట్లు మార్చుకోవడంతో మెరుగుపడవచ్చు. మూడు నెలలు ఓపిక పడితే కొత్త కణాల పంట వస్తుంది. మగబిడ్డకు పుట్టినప్పుడు వృషణం క్రిందికి దిగకపోతే ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించండి, పెద్దయ్యాక చూద్దామని వదలవద్దు. ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకని వారు కూడా చాలామంది ఉన్నారు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. జన్యు లోపాన్ని ఏ టానిక్కూ, ఏ పొడీ, ఏ లేహ్యమూ సరిచేయలేదు. కొందరు "శక్తి కోసం" టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, జిమ్ములో ఇచ్చే స్టెరాయిడ్లు వాడుతున్నారు. బయటి నుండి హార్మోను వస్తే మెదడులోని గ్రంథి వృషణాలకు పంపే ఆజ్ఞ ఆపేస్తుంది. ఉన్న కొద్ది వీర్యకణాలు కూడా పోతాయి. సంతానం కోరేవారు వీటి జోలికి పోకూడదు.

జన్యు పరీక్ష ఎవరికి?

కణాలు బొత్తిగా లేనివారికి, మిల్లీలీటరుకు 50 లక్షల కంటే తక్కువ ఉన్నవారికి హార్మోను పరీక్షలతో పాటు క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోము పరీక్ష చేస్తారు. రెండింటికీ మామూలుగా రక్తం తీస్తే చాలు. చిన్న ఆస్పత్రులలో ఈ పరీక్షలు ఉండవు, నమూనా పెద్ద ల్యాబుకు పంపుతారు. ఒక్క వీర్యకణాన్ని అండంలోకి సూదితో ఎక్కించే ఇక్సీ పద్ధతి 1992 నుండి అందుబాటులో ఉంది. లక్ష రూపాయలకు పైగా ఖర్చయ్యే ఈ చికిత్సకు ముందే జన్యు పరీక్ష చేయించుకోవడం వివేకం. ఇలాంటి కేంద్రాలు 2021 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు అయి ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు.

ఏ చికిత్సకూ అవకాశం లేదని తేలినవారు కూడా ఉంటారు. వారితో ఆ మాట చెప్పడం మాకు కష్టమే, అయినా ఏళ్ళ తరబడి ఆశ చూపించడం కంటే నిజం చెప్పడమే మేలు. బిడ్డను దత్తత తీసుకోవాలనుకునేవారికి ఒక సంగతి తెలియాలి. హిందువుల దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు కాబట్టి మనకు ఆ హక్కే లేదని కొందరు అనుకుంటారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం క్రింద ఏ మతం వారైనా కేంద్ర దత్తత సంస్థ, అంటే కారా, ద్వారా బిడ్డను పూర్తి హక్కులతో పెంచుకోవచ్చు. ఎవరో తెచ్చి ఇచ్చిన బిడ్డను కాగితాలు లేకుండా తీసుకోవడం మాత్రం నేరం.

కుటుంబ పెద్దలకు మా మనవి

జన్యువులను ఎవరూ కోరుకుని తెచ్చుకోలేదు. కోడలి తప్పు కానట్లే ఇది కొడుకు తప్పూ కాదు, కని పెంచిన తల్లిదండ్రుల తప్పూ కాదు. నింద ఒక భుజం మీది నుండి తీసి మరొక భుజం మీద పెట్టమని మేము చెప్పడం లేదు. భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి, ఇద్దరికీ పరీక్ష జరగాలి, ఫలితం ఇద్దరూ కలిసి వినాలి. ఆ ఫలితం మా దగ్గర గోప్యంగా ఉంటుంది. అత్తమామలకైనా, సంఘ పెద్దలకైనా ఆ దంపతుల అనుమతి లేకుండా మేము చెప్పము.

అత్తగారూ, ఈసారి కోడలిని తీసుకుని వచ్చేటప్పుడు అబ్బాయిని కూడా వెంటబెట్టుకు రండి. మొదటి పరీక్ష అతనికే చేద్దాము.

గుర్తుంచుకోవలసినవి

- ఏడాదిలో గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరూ పరీక్షకు రావాలి.
- కణాలు లేవని ఒక రిపోర్టులో వస్తే మరొకసారి పరీక్ష చేయించాలి.
- కణాలు లేకపోయినా, బాగా తక్కువైనా ఇక్సీకి ముందు జన్యు పరీక్ష చేయించాలి.
- మాటిమాటికీ గర్భం పోతుంటే భర్తకు కూడా క్రోమోజోముల పరీక్ష అవసరం.
- టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు వీర్యకణాలను తగ్గిస్తాయి.
- పాత రిపోర్టులన్నీ, భర్తవి కూడా, ఒకే ఫైలులో పెట్టి తీసుకురండి.